గళ్ళ జెండా తరువాత మొదలయ్యే పందెం

కార్ల పందేలను గురించి ఈ శీర్షికలో వ్రాయబూనడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. మన దేశంలో క్రికెట్టుకున్న ఆదరణ ముందు ఈ క్రీడ ఏపాటిదని వారు అడుగవచ్చు. కాని ఫార్ములా వన్ పందెం ముగిసిన ఆదివారం రాత్రి మన టౌన్‌షిప్పు క్లబ్బు మెట్ల మీద చేరి యువతీయువకులు చేసే చర్చలను విన్నవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఎవరు ఎంత వేగంగా నడిపారన్న మాట ఆ చర్చలలో అరుదుగా వస్తుంది. ఎవరికి ఐదు సెకన్ల పెనాల్టీ పడింది, ఎవరికి పడలేదు, పడవలసినవాడు ఎట్లా తప్పించుకున్నాడు అన్నదే వారి అసలు విషయం. గళ్ళ జెండా ఊపడంతో ట్రాక్ మీద పందెం ముగుస్తుంది. తీర్పుల మీద పందెం అప్పుడే మొదలవుతుంది.

ఈ వాదోపవాదాలను పొద్దుపోని కాలక్షేపంగా కొట్టివేయరాదని మా అభిప్రాయం. తనిఖీలు, ఆమోదాలు, తిరస్కారాలు, విచారణలు నిత్యకృత్యంగా గల మనబోటి సంస్థలో పనిచేసేవారు వీటినుండి గ్రహించవలసినది కొంత ఉన్నది. అందుచేతనే ఈ నెల ఈ విషయాన్ని ఎంచుకున్నాము.

మొదట వచ్చినవాడు రెండవవాడైన వైనం

2019 జూన్ 9న కెనడాలోని మాంట్రియల్ నగరంలో జరిగిన పందెంతో మొదలుపెట్టుదాము. డెబ్భై చుట్ల ఆ పందెంలో ఫెరారీ కారు నడుపుతున్న జర్మన్ డ్రైవరు సెబాస్టియన్ వెటెల్ అందరికన్న ముందున్నాడు. మెర్సిడెస్ కారులో బ్రిటిష్ డ్రైవరు లూయిస్ హామిల్టన్ అతనిని వెన్నంటి వస్తున్నాడు. 48వ చుట్టులో మూడవ, నాలుగవ మలుపుల దగ్గర వెటెల్ కారు అదుపు తప్పి గడ్డి మీదికి పోయి, మరల ట్రాక్ మీదికి వచ్చింది. వచ్చే ఊపులో అది అవతలి గోడ వైపుకు జరిగింది. ఆ సందులోనుండి ముందుకు దూసుకుపోబోయిన హామిల్టన్ గోడకు తగలకుండా బ్రేకు వేయవలసివచ్చింది.

తీర్పరులు దీనిని పరిశీలించి, ప్రమాదకరంగా తిరిగివచ్చి మరొక కారుకు దారి లేకుండా చేశాడన్న కారణం మీద వెటెల్‌కు ఐదు సెకన్ల శిక్ష విధించారు. ముగింపు గీతను వెటెలే ముందు దాటాడు. వెనుకనున్న హామిల్టన్‌కు అతనికి మధ్య తేడా 1.342 సెకన్లు. ఐదు సెకన్లు కలుపగానే లెక్క తారుమారై, హామిల్టన్ 3.658 సెకన్ల తేడాతో విజేత అయినాడు. వెటెల్ కారు దిగి నడచిపోయి, హామిల్టన్ కారు ముందున్న ఒకటవ అంకె పలకను తీసి తనకు కేటాయించిన ఖాళీ స్థలంలో పెట్టి, రెండవ అంకె పలకను హామిల్టన్ కారు ముందు నిలిపాడు. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసింది.

అభిమానులు రెండుగా చీలిపోయారు. గడ్డి మీద జారుతున్న కారును ఏ మానవుడు మాత్రం కోరిన చోట నిలుపగలడు, అది తప్పు కాదు, నిస్సహాయత అని ఒక పక్షం. తప్పు చేసి ట్రాక్ వదలినవాడు తిరిగివచ్చేటప్పుడు ఇతరులకు దారి విడువవలసిందే, నియమం నిస్సహాయతను గురించి అడుగదు అని రెండవ పక్షం. ఆనాటి తీర్పరులలో ఒకరు ఎమాన్యుయేలే పిర్రో. ఆయన లె మాన్స్ 24 గంటల పందెంలో ఐదుసార్లు గెలిచినవాడు. పైగా ఫెరారీ వారి దేశమైన ఇటలీవాడు. కాబట్టి కారు నడపడం తెలియనివారు తీర్పు చెప్పారని గాని, ఫెరారీ అంటే గిట్టనివారు చెప్పారని గాని అనడానికి అవకాశం చాలదు. అయినా వివాదం చల్లారలేదు.

ఫెరారీ వారు పునఃపరిశీలన కోరారు. అందుకు వారు సమర్పించిన వాటిలో మన చెన్నైకి చెందిన మాజీ ఫార్ములా వన్ డ్రైవరు కరుణ్ చాంధోక్ ఒక టెలివిజన్ సంస్థ కోసం చేసిన దృశ్య విశ్లేషణ కూడ ఉన్నది. పునఃపరిశీలన జరగాలంటే తీర్పునాటికి అందుబాటులో లేని, ముఖ్యమైన, సంబంధమున్న కొత్త ఆధారం ఉండాలని నియమం. చాంధోక్ విశ్లేషణ మూడవ వ్యక్తి సొంత అభిప్రాయమే తప్ప ఆధారం కాదని తీర్పరులు దానిని త్రోసిపుచ్చారు. ఎంత నిపుణుడిదైనా అభిప్రాయం అభిప్రాయమే, సాక్ష్యం సాక్ష్యమే. విచారణ నివేదికలు వ్రాసేవారు గుర్తుంచుకోదగిన మాట ఇది.

కొలత వేరు, నిర్ణయం వేరు

ఈ క్రీడతో పరిచయం లేని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. ఎఫ్.ఐ.ఎ. అని పిలిచే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఈ పందేలకు నియమావళిని రూపొందిస్తుంది. పందేన్ని నడిపే అధికారిని రేస్ డైరెక్టర్ అంటారు. పందెం ఆపడం, సేఫ్టీ కారును పంపడం, అనుమానాస్పద సంఘటనను తీర్పరుల దృష్టికి తీసుకురావడం ఆయన పనులు. శిక్షలు వేసేది మాత్రం స్టీవార్డులనే తీర్పరులు. 2010 నుండి వీరిలో ఒక మాజీ డ్రైవరు ఉండడం ఆనవాయితీ అయింది. శిక్షలలోను మెట్లున్నాయి. ఐదు లేక పది సెకన్లు కలపడం, పిట్ సందులోనుండి నెమ్మదిగా నడిచిపోవలసిందని ఆదేశించడం, తరువాతి పందెంలో బయలుదేరే వరుసను వెనుకకు జరపడం, చివరకు అనర్హత. ఇవికాక 2014 నుండి లైసెన్సు మీద దోషాంకాలు కూడ వేస్తున్నారు. పన్నెండు నెలలలో పన్నెండు అంకాలు చేరితే ఒక పందెం నిషేధం. 2024లో కెవిన్ మాగ్నుసెన్ ఈ పద్ధతి క్రింద నిషేధానికి గురైన మొదటి ఫార్ములా వన్ డ్రైవరు అయినాడు.

అభిమానుల వాదాలను కొంతకాలం విన్నవారికి మరొక విశేషం స్పష్టమవుతుంది. కొన్ని శిక్షల మీద ఎవరూ పెద్దగా కొట్లాడరు. 2024 జులై 28న బెల్జియం పందెంలో జార్జ్ రసెల్ మొదటివాడుగా వచ్చాడు. ఇంధనం తీసివేసి తూచగా కారు బరువు 796.5 కిలోలు వచ్చింది. ఉండవలసిన కనీస బరువు 798 కిలోలు. కిలోన్నర తక్కువైనందుకు గెలిచిన పందెం పోయింది. రసెల్ అభిమానులు దుఃఖించారు, జట్టువారు క్షమాపణ చెప్పుకున్నారు. అంతకుమించి వాదించడానికి ఏమున్నది? తూకపు యంత్రానికి అభిమానం ఉండదు.

మన హైదరాబాదులోను ఇటువంటిదే ఒకటి జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన వేసిన 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెం జరిగింది. ఫ్రెంచి డ్రైవరు జాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడవవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి, అనుమతించిన పరిమితిని మించి మోటారు శక్తిని వాడినట్లు నమోదైనందున, పదిహేడు సెకన్లు కలిపారు. మూడవ స్థానం అంతోనియో ఫెలిక్స్ ద కోస్తాకు దక్కింది. తీరం మీద నిలబడి కళ్ళారా చూసినవారికి ఆ తప్పు కనబడలేదు. కొలిచే పరికరానికి కనబడింది. దాని మీదను పెద్ద రభస జరగలేదు.

మాంట్రియల్ వ్యవహారం అట్టిది కాదు. వెటెల్ కారు గోడనుండి ఎంత దూరంలో ఉన్నదో కొలువవచ్చు. స్టీరింగును ఏ క్షణాన ఎటు త్రిప్పాడో యంత్రాలు నమోదు చేస్తాయి. కాని అతడు వేరొక విధంగా చేయగలిగి ఉండేవాడా అన్న ప్రశ్నకు ఏ మీటరూ సమాధానం చెప్పదు. అది మనిషి చెప్పవలసిన తీర్పు.

ఈ భేదం మన షాపులలో పనిచేసేవారికి కొత్త కాదు. షాఫ్టు వ్యాసాన్ని గో, నో-గో గేజితో చూసేటప్పుడు వాదన ఉండదు. పోతే పోయింది, లేకపోతే లేదు. వెల్డింగు రేడియోగ్రఫీ ఫిల్ము ముందు కూర్చున్నప్పుడు సంగతి వేరు. ఆ నల్లని మచ్చ గాలి బుడగా, స్లాగా, లేక ఫిల్ము కడగడంలో పడిన మరకా అన్నదాని మీద ఇద్దరు అనుభవజ్ఞులు నిజాయితీగానే విభేదించవచ్చు. అంతమాత్రాన ఇద్దరిలో ఒకరు అమ్ముడుపోయారని అనము. అభిమానులు స్టీవార్డుల విషయంలో తరచు మరచేది ఈ సంగతినే.

చూసే కన్ను ఎవరిది?

అభిమాని కన్ను ఎట్లా పనిచేస్తుందో తెలిపే పరిశోధన ఒకటి ప్రసిద్ధమైనది. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల మధ్య మోటుగా సాగిన ఒక ఫుట్‌బాల్ ఆట జరిగింది. ఆ ఆట చిత్రాన్ని హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులకు చూపి, కనబడిన తప్పులను లెక్కించమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థులకు, డార్ట్‌మత్ విద్యార్థులకు కనబడినదానికి రెట్టింపుకు పైగా కనబడినవి. 1954లో ఆ ఫలితాలు ప్రచురితమైనవి. చూసిన చిత్రం ఒక్కటే. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. మనం అభిమానించే రంగు చొక్కా మన కంటికి అద్దమైపోతుందన్న మాట.

అట్లాగని అభిమానుల ఆగ్రహమంతా పక్షపాతమేనని తేల్చివేయడం కూడ సరికాదు. దానిని జాగ్రత్తగా వింటే అందులో మూడు న్యాయమైన కోరికలు వినబడతాయి. అందరికీ ఒకే కొలబద్ద ఉండాలి. శిక్ష సకాలంలో, అర్థమయ్యే రీతిలో రావాలి. ఆ పూట అవసరాన్నిబట్టి నియమాన్ని వంచకూడదు. ఈ మూడింటికి మూడు సంఘటనలు చెప్పుకుందాము.

మొదటిది 2023 మార్చి 19న సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగింది. బయలుదేరేటప్పుడు తన గడిలో సరిగా నిలపనందుకు ఫెర్నాండో అలోన్సోకు ఐదు సెకన్ల శిక్ష పడింది. ఆ శిక్ష అనుభవిస్తున్న ఐదు సెకన్లలో కారు మీద ఎవరూ పని చేయకూడదు. వెనుక జాక్ కారును తాకింది. పందెం ముగిసి, మూడవ స్థానపు బహుమతి చేతికందిన తరువాత, తాకడం కూడ పని చేయడమేనని చెప్పి పది సెకన్లు కలిపి అతనిని నాలుగవ స్థానానికి దించారు. అతని జట్టు ఆస్టన్ మార్టిన్ వారు వెనుకటి పందేలలో జాక్ తాకినా శిక్ష పడని ఏడు సందర్భాల దృశ్యాలను తెచ్చి చూపారు. తాకడం పనికిందకే వస్తుందన్న స్పష్టమైన అంగీకారం ఏదీ లేదని తేలింది. స్టీవార్డులు తమ తీర్పును తామే రద్దు చేసుకున్నారు. అలోన్సోకు మూడవ స్థానము, దానితోపాటు జీవితంలో నూరవసారి విజేతల వేదిక ఎక్కిన గౌరవము తిరిగి దక్కినవి.

మేము పనిచేసిన ఒక నిర్మాణ స్థలంలో ఒక వెల్డరు ఇటువంటి ప్రశ్ననే వేశాడు. అతని జాయింటును తనిఖీ అధికారి తిరస్కరించాడు. “నిన్న మా వాడి జాయింటులో ఇదే గీత ఉంటే ఒప్పుకున్నారు గదండీ, నాది మాత్రం ఎందుకు కాదు?” అని అతడు అడిగాడు. ఆ అధికారి కోపగించుకోలేదు. నిన్నటి ఫిల్మును, నేటి ఫిల్మును వెలుతురు పెట్టె మీద పక్కపక్కన ఉంచి, ఒకదానిలో మచ్చలు విడివిడిగాను, రెండవదానిలో ఒకే వరుసలోను ఉండడం చూపించి, కోడ్ పుస్తకంలో రెండింటికి వేరువేరు హద్దులున్న పుట తీసి పెట్టాడు. వెల్డరు మారు మాటాడకుండా జాయింటును గ్రైండింగు చేసి మరల వేశాడు. తీర్పు మారలేదు. దానిని స్వీకరించిన తీరు మారింది.

రెండవది 1998 జులై 12న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో జరిగింది. కుండపోత వానలో సేఫ్టీ కారు నడుస్తుండగా మైకేల్ షూమాకర్ మరొక కారును దాటాడు. శిక్ష సంగతిని ఇరవై ఐదు నిమిషాలలోగా జట్టుకు తెలుపవలసి ఉండగా ముప్పై ఒక్క నిమిషాల తరువాత ఒక చేతివ్రాత చీటీ అందింది. అది ఆగి వెళ్ళవలసిన శిక్షా, చివరలో పది సెకన్లు కలిపే శిక్షా అన్నది ఆ చీటీలో స్పష్టంగా లేదు. షూమాకర్ ఆఖరి చుట్టులో పిట్ సందులోకి వచ్చాడు. ముగింపు గీత ఆ సందుకు అడ్డంగా కూడ ఉన్నది. తన జట్టు స్థలం చేరకముందే ఆ గీత దాటి, శిక్ష అనుభవించడానికి పోతూపోతూ పందెం గెలిచాడు. మెక్లారెన్ జట్టు ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు. ముగ్గురు స్టీవార్డులు తమ లైసెన్సులను అప్పగించవలసివచ్చింది. తప్పు జరిగిందా లేదా అన్న మూలప్రశ్న ఈ గందరగోళంలో ఎవరికీ పట్టకుండా పోయింది. ఆలస్యంగా, అస్పష్టంగా వ్రాసిన ఉత్తర్వు సరైన తీర్పును కూడ చెరుపుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

మూడవది 2021 డిసెంబర్ 12న అబూధాబిలో జరిగింది. ఆ యేటి చివరి పందెానికి ముందు హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ చెరి 369.5 పాయింట్లతో సమానంగా ఉన్నారు. యాభై ఎనిమిది చుట్ల పందెంలో 53వ చుట్టు వరకు హామిల్టన్‌దే పైచేయి. అప్పుడు నికలస్ లతీఫీ కారు గోడను కొట్టుకున్నది. సేఫ్టీ కారు వచ్చింది. వెర్‌స్టాపెన్ కొత్త టైర్లు వేయించుకున్నాడు. ఇద్దరి మధ్య ఒక చుట్టు వెనుకబడిన కార్లు ఐదు ఉన్నవి. అట్టి కార్లు ముందుకు పోరాదని మొదట చెప్పిన రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ, తరువాత ఎనిమిదింటిలో ఆ ఐదింటిని మాత్రమే పోనిచ్చి, నియమం ప్రకారం ఇంకొక చుట్టు ఉండవలసిన సేఫ్టీ కారును వెనుకకు పిలిపించాడు. మిగిలిన ఒక్క చుట్టులో కొత్త టైర్లున్న వెర్‌స్టాపెన్ ముందుకు పోయి ప్రపంచ విజేత అయినాడు. మెర్సిడెస్ వారి ఫిర్యాదును స్టీవార్డులు అదే రాత్రి త్రోసిపుచ్చారు. సేఫ్టీ కారు వాడకం మీద రేస్ డైరెక్టర్‌కు సర్వాధికారం ఉన్నదని వారు చెప్పిన కారణం.

అనేకులు ఇప్పటికీ గమనించని విషయమేమంటే, అక్కడ వెర్‌స్టాపెన్ చేసిన తప్పేదీ లేదు. ఉన్న నియమాన్ని పందెం మధ్యలో వేరొక విధంగా చదవడమే అసలు వివాదం. పందెం సేఫ్టీ కారు వెనుక ముగియరాదన్న కోరిక అందరిలోను ఉన్నది. ఆ కోరిక మంచిదే. అది నియమం కన్న బలవత్తరమైనప్పుడే చిక్కు వచ్చింది. 2022 మార్చిలో వెలువడిన ఎఫ్.ఐ.ఎ. నివేదిక దీనిని సద్బుద్ధితో జరిగిన మానవ పొరపాటుగా పేర్కొన్నది. అంతకుముందే మాసీని ఆ పదవినుండి తప్పించారు. నియమంలో “ఏ కార్లయినా” అన్న అర్థమిచ్చే మాటను “అన్ని కార్లు” అని మార్చారు. ఒక్క మాటలోని సందిగ్ధత మీద ప్రపంచ విజేత ఎవరన్నది ఆధారపడింది.

మన దేశంలోని బుద్ధ్ సర్క్యూట్‌లో దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కలదు. గ్రేటర్ నోయిడాలో 2011 నుండి 2013 వరకు మూడు ఫార్ములా వన్ పందేలు జరిగినవి. మూడింటిలోను వెటెలే గెలిచాడు. 2013 అక్టోబర్ 27న నాలుగవసారి ప్రపంచ విజేత అయిన సంతోషంలో అతడు మన ప్రేక్షకుల ఎదుట కారును గిరగిర త్రిప్పి, దిగి కారుకు వంగి నమస్కరించి, చేతి తొడుగులను జనంలోకి విసిరాడు. స్టాండులలోనివారు ఆనందపరవశులైనారు. పందెం కాగానే కారును నేరుగా తనిఖీ ఆవరణలోకి తీసుకుపోవాలన్న నియమం ఉన్నందున స్టీవార్డులు అతనిని మందలించి, రెడ్ బుల్ జట్టుకు 25,000 యూరోల జరిమానా వేశారు. చాలమంది దీనిని రసహీనతగా భావించారు. కాని కారును తూచి, తనిఖీ చేసేవరకు ఎవరి చేయీ పడకుండా కాపాడడమే ఆ నియమం ఉద్దేశం. విజయం జోలికి పోకుండా, మందలింపుతో సరిపెట్టి, నియమాన్నీ నిలబెట్టారు. శిక్ష తప్పుకు తగినట్లుండాలంటే ఇట్లా ఉండాలి.

కొలతలతో అన్నీ తీరునా?

ఇన్ని తగవులు ఎందుకు, ప్రతిదానిని కొలతగా మార్చివేస్తే సరిపోదా అని ఇంజనీర్లమైన మనకు తోచడం సహజం. ఆ దారిలో ఎఫ్.ఐ.ఎ. వారు నడచి చూశారు. ట్రాక్ అంచున తెల్లగీత ఉన్నది. నాలుగు చక్రాలూ ఆ గీత దాటితే ఆ చుట్టు లెక్కకు రాదు. పందెంలో మరల మరల దాటితే హెచ్చరిక, ఆపైన శిక్ష. ఇంతకన్న స్పష్టమైన కొలత ఉండబోదు. 2023 జులై 2న ఆస్ట్రియాలో ఏమి జరిగిందో చూడండి. గీత దాటినట్లు అనుమానించిన సందర్భాలు 1,200కు పైగా వచ్చినవి. పందెం సాగుతుండగా అన్నింటినీ పరిశీలించడం ఆ సిబ్బందికి సాధ్యం కాలేదు. ఒక జట్టు ఫిర్యాదు మీద గంటల తరబడి మరల లెక్కించి, ఎనిమిదిమంది డ్రైవర్లకు శిక్షలు వేసి ఫలితాలను మార్చారు. ప్రేక్షకులు ఇళ్ళకు చేరి భోజనాలు ముగించిన తరువాత వారు చూసిన పందెం మారిపోయింది.

మరుసటి సంవత్సరం అక్కడి చివరి రెండు మలుపుల అంచున సన్నని కంకర పట్టీ వేశారు. గీత దాటినవాడి చక్రం కంకరలో దిగి వేగం తగ్గిపోతుంది. శిక్ష అక్కడికక్కడే, అందరికీ సమానంగా, ఏ తీర్పరీ లేకుండా పడుతుంది. తగవులు మంత్రించినట్లు తగ్గిపోయినవి. తప్పు చేయడానికి వీలుండేట్లు కట్టి, చేసినవారిని పట్టుకోవడానికి వంద కెమెరాలు పెట్టడం కన్న, తప్పు లాభించని విధంగా కట్టడం మేలని ఈ కంకర చెబుతున్నది. యంత్రాలకు రక్షణ కవచాలు బిగించే మన సేఫ్టీ విభాగంవారు ఎప్పటినుండో చెప్పేది ఇదే.

అయితే కంకర వేయడానికి వీలులేని చోట్లు ఉంటాయి. రెండు కార్లు ఒకే మలుపులోకి పోతున్నప్పుడు దారి ఎవరిది? మలుపు లోపలి అంచు దగ్గర ఎవరు ముందుంటే వారిదని మార్గదర్శక సూత్రాలు పెట్టారు. డ్రైవర్లు తెలివైనవారు. బ్రేకు ఆలస్యంగా వేసి, ఆ అంచు దగ్గర మాత్రం ముందుండేట్లు దూకి, అవతలివాడిని బయటకు నెట్టడం కొందరు నేర్చుకున్నారన్న విమర్శ వచ్చింది. 2024 అక్టోబర్ 20న అమెరికాలోని ఆస్టిన్‌లో వెర్‌స్టాపెన్‌ను ట్రాక్ వెలుపలనుండి దాటినందుకు లాండో నోరిస్‌కు ఐదు సెకన్ల శిక్ష పడి మూడవ స్థానం పోయింది. ఇద్దరూ ట్రాక్ దాటారు గదా అని అభిమానులు అడిగారు. వారం తిరగకుండా మెక్సికోలో అదే ఇద్దరి మధ్య జరిగిన పోరులో వెర్‌స్టాపెన్‌కు రెండుసార్లు పది సెకన్ల చొప్పున శిక్ష పడింది. మొదటిది తప్పా, రెండవది దిద్దుబాటా అని చర్చ సాగింది. సూత్రం ఎంత సూక్ష్మమైతే దాని సందులు అంత సూక్ష్మంగా వెదకబడతాయి. కొలత ముగిసిన చోట మనిషి వివేకం తప్పదు.

తప్పనిసరైన ఆ వివేకాన్ని పదిమంది ముందు పెట్టడమే మిగిలిన మార్గం. ఆ దిశగా 2025 జూన్‌లో ఎఫ్.ఐ.ఎ. ఒక మంచి పని చేసింది. అంతవరకు జట్లకు, స్టీవార్డులకు మాత్రమే తెలిసిన శిక్షల మార్గదర్శకాలను, డ్రైవింగు ప్రమాణాలను ప్రజల కోసం ప్రచురించింది. దానితో వివాదాలు ముగియలేదు, ముగియవు కూడ. కాని నాకు నచ్చలేదు అన్న అభిమాని ఇక ఫలానా సూత్రానికి ఇది విరుద్ధం అని చెప్పగలడు. ఆ రెండు మాటలకు చాల దూరమున్నది. మన కార్యాలయ వ్యవహారంలో స్పీకింగ్ ఆర్డరు అనే మాట వాడుకలో ఉన్నది. కారణాలను తానే చెప్పే ఉత్తర్వు అని దాని అర్థం. శిక్ష పొందిన ఉద్యోగి దానిని అంగీకరించకపోవచ్చు. తనను వినకుండా తీర్పు చెప్పారని మాత్రం అనలేడు.

అభిమానానికీ హద్దు గీత కావాలి

చివరగా ఒక కటువైన సంగతి చెప్పవలసియున్నది. అబూధాబి పందెం తరువాత, కేవలం కారు అదుపు తప్పి గోడకు కొట్టుకున్న లతీఫీకి చంపుతామని బెదిరింపులు వచ్చినవి. ఆయనే వాటిని బహిరంగంగా తెలిపి, లండనులో అంగరక్షకులను పెట్టుకోవలసివచ్చిందని చెప్పాడు. మాసీకి కూడ అటువంటి బెదిరింపులు వచ్చినవి. ఒకరు ఆటగాడు, ఒకరు అధికారి. ఒకరు చేసినది ప్రమాదం, ఒకరు చేసినది పొరపాటు. రెండింటికీ కుటుంబాలను భయపెట్టడం సమాధానం కాదు. జరిగిన తప్పును గురించి ఎంత గట్టిగానైనా మాటాడవచ్చు. చేసిన మనిషి ప్రాణం మీదికి పోయిన క్షణాన వాదన తన హక్కును కోల్పోతుంది. తెల్లగీత డ్రైవర్లకే కాదు, చూసేవారికీ ఉన్నది.

మన ఇళ్ళలో టెలివిజన్ ముందు కూర్చుని వాదించే పిల్లలను వారించవద్దని పెద్దలకు మా మనవి. వారి ప్రక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఏ నియమం క్రింద శిక్ష పడింది? ఇంతకుముందు ఇదే తప్పుకు ఏమి చేశారు? నీ అభిమాన డ్రైవరు స్థానంలో మరొకడు ఉంటే నీవు ఇదే మాట అనేవాడివా? మొదటి రెండింటికి వారు ఠక్కున సమాధానం చెప్పగలరు, ఈ విషయాలలో వారు మనకంటె దిట్టలు. మూడవదాని దగ్గర కొంచెం ఆగుతారు. ఆగనివ్వండి. రేపు వారిలో కొందరు తనిఖీ అధికారులు, విచారణాధికారులు, ఇతరుల జీతభత్యాలను నిర్ణయించే మేనేజర్లు కాబోతున్నారు. ఆ కుర్చీలో కూర్చున్ననాడు ఎదుటివాడు అడుగబోయేవీ ఆ ప్రశ్నలే.